మేత అక్కర్లేని చేపలు

“ఇవి గులకరాళ్ళు కావు,” అంది ఆమె.

మోచేతి దాకా చెయ్యి చేపల తొట్టిలో ముంచి, అడుగున రాళ్ళ మధ్య నుంచి ఏరినవాటిని అరచేతిలో పెట్టి భర్తకు చూపించింది. తెల్లగా ఉబ్బి, అంచులు కరిగిపోయి ఉన్నాయి. ఒకదాని మీద మధ్యగీత ఇంకా కనిపిస్తోంది.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. భుజాన పనిముట్ల సంచి. లిఫ్టులు బాగుచేసేవాడికి ఆదివారమంటూ ఉండదు. ఏదో అపార్టుమెంటులో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని ఫోనొస్తే బయల్దేరుతున్నవాణ్ణి ఆమె కేక వెనక్కి లాగింది.

“ఏంటవి?”

“మాత్రలు. మీ అక్క బీపీ మాత్రలు.”

తొట్టిలో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడ్డాయి. నారింజరంగు చేపలు నాలుగు వెల్లకిలా తేలుతున్నాయి. ఐదోది ఫిల్టరు గొట్టానికి అతుక్కుని, నీటి ఊపుకి తోక కదులుతూ బతికున్నట్టే ఉంది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు. వదిన లోపలుంది. ఇద్దరూ గొంతులు తగ్గించారు.

“అక్క మాత్రలు ఇందులోకి ఎందుకొస్తాయి?”

“నన్నడుగుతారేం? ఆ డబ్బాలు రెండూ తెచ్చి చూడండి.”

అతను కదల్లేదు. ఆమే తడిచేత్తో వెళ్ళి అల్మరా మీదున్న గళ్ళ డబ్బాలు తెచ్చింది. వారంలో ఒక్కో రోజుకీ ఒక్కో గడి, గడికో మూత. నీలం మూతలది వదిన మాత్రలకి. ఆకుపచ్చ మూతలది చేపల మేతకి. మేత వేసిన సంగతి మరిచిపోయి వదిన మళ్ళీ మళ్ళీ వేస్తోందని, ఏ రోజు మేత ఆ రోజు గడిలో చిటికెడు పోసిపెట్టే ఏర్పాటు చేసింది తనే. గడి ఖాళీ అయితే మేత వేసినట్టు.

రెండు డబ్బాల్లోనూ గళ్ళు ఖాళీగానే ఉన్నాయి.

“సరే, మాత్రలు తొట్టిలో పడ్డాయి,” అన్నాడతను. “మరి మేత ఏమైనట్టు?”

అతనికే తడుతుందేమోనని ఆమె కాసేపు ఊరుకుంది. తట్టలేదు.

“మొన్న భోంచేస్తూ వదిన ఏమంది? ఈమధ్య మాత్రలు నీచు కంపు కొడుతున్నాయి, కంపెనీ మార్చారా అంది. మీరు నవ్వారు. నేనూ నవ్వాను.”

అతని మొహం పాలిపోయింది. కానీ ఆ బాధ అక్కడ ఎంతోసేపు నిలవలేదు. దాని స్థానంలోకి కోపం వచ్చి కూర్చుంది.

“గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు. మనిషికీ చేపకీ ఒకేరకం డబ్బాలు ఎవరైనా కొంటారా? ఎవరికైనా పొరపాటొస్తుంది. నాకే వస్తుంది.”

“మీకు ఒకరోజు వస్తుంది. రోజూ రాదు.”

“అంటే? అక్కకి మతి పోయిందంటావా?”

“ఆ మాట నేననలేదు. మీ నోటివెంటే వచ్చింది.”

“నెమ్మదిగా మాట్లాడు!”

“నేను నెమ్మదిగానే ఉన్నాను. అరుస్తున్నది మీరు.”

ఆ ఇంట్లో వదిన గురించి ‘మతిమరుపు’ అన్న మాట ఎత్తడానికి లేదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసిన రోజుల్లో ఊళ్ళో సగంమంది నంబర్లు ఆవిడ నాలుక చివర ఉండేవి. ఆఫీసులో అందరూ ‘డైరెక్టరీ’ అని పిలిచేవాళ్ళు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆ జీతంతోనే. పెళ్ళిమాట ఎత్తినవాళ్ళకి ‘ఈ లైను ఖాళీ లేదు’ అని నవ్వుతూ చెప్పి పంపించింది కూడా అప్పుడే. ఇప్పటికీ అడిగితే ఆనాటి పెద్దాసుపత్రి నంబరు నుంచి మూతపడ్డ సినిమాహాలు నంబరుదాకా గడగడా అప్పజెబుతుంది. పొద్దున్న ఏం తిన్నావంటే మాత్రం ‘ఏదో తిన్నాలే’ అంటుంది.

నంబర్లు తమ్ముడు వింటాడు. ‘ఏదో తిన్నాలే’ మరదలు వింటుంది.

గడియ తీసిన చప్పుడైంది. తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వదిన బయటికొచ్చింది. మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. గొంతు ఇప్పటికీ ఫోన్లో వినబడే గొంతే, ప్రతి మాటా కడిగిపెట్టినట్టు స్పష్టంగా.

“ఏంట్రా ఇంకా వెళ్ళలేదూ?” అంటూనే తొట్టి చూసింది. “అయ్యో! ఏమైందిరా వీటికి?”

ఆమె గుప్పిట మూసేసింది. మాత్రలు లోపలే ఉండిపోయాయి.

“నీళ్ళు అక్కా,” అన్నాడతను గబగబా. “కుళాయి నీళ్ళు పట్టి అలాగే పోసేసిందట. అందులో మందు కలుపుతారు కదా. చేపలకి పడదు.”

ఆ మాట అంటున్నప్పుడు అతను భార్యవైపు చూడలేదు.

“ఎన్నిసార్లు చెప్పానమ్మాయ్!” వదిన తల పట్టుకుంది. “పట్టిన నీళ్ళు ఒకరోజు బకెట్లో ఉంచి పొయ్యమని చెప్పానా లేదా? అంత తొందరేమిటి నీకు? నోరులేని జీవాలు. అడగలేవు కదా అవి!”

ఆమె గుప్పిట్లో మాత్రల అంచులు కరిగి వేళ్ళసందుల్లోంచి తెల్లగా కారుతున్నాయి. చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

అతను చెప్పులేసుకుని బయటపడ్డాడు. ఆమె మెట్లదాకా వెంట వెళ్ళింది.

“ఎందుకలా చెప్పారు?”

“నిజం చెబితే అక్క తట్టుకోలేదు. నువ్వైతే తట్టుకుంటావు.”

పైకెత్తాల్సిన బరువు ఏ తాడు మోస్తుందో చూసి చెప్పినంత మామూలుగా అన్నాడు.

“ఇంకోటి,” ఒక మెట్టు దిగి ఆగాడు. “మీ కళ్ళజోళ్ళ దుకాణం కొత్త బ్రాంచి సంగతి. దాన్ని చూసుకోవడం కుదరదని మీ ఓనరుకి చెప్పెయ్. ఇంటిపట్టున ఒక మనిషుండాలి.”

“రేపు తాళాలిస్తానన్నాడు ఆయన. ఇప్పుడా చెప్పేది?”

“తాళాలు తీసుకోకముందే చెప్పాలి. తీసుకున్నాక చెబితే బాగోదు.”

“అక్కకేం లేదన్నారు కదా. ఏమీ లేని మనిషికి కాపలా ఎందుకు?”

“కాపలా అని ఎవరన్నారు? తోడు.”

“తోడు కోసమనే కదా ఈ తొట్టి కొన్నారు!”

అతని జేబులో ఫోను మోగింది. లిఫ్టులో ఎవరో ముసలాయన ఇరుక్కుపోయాడట, ఊపిరాడటం లేదని గోల చేస్తున్నాడట. “వస్తున్నా, వస్తున్నా, తలుపు బలవంతంగా లాగొద్దని చెప్పండి,” అంటూ అతను దిగిపోయాడు.

*

ఆ తొట్టి కొన్నప్పుడు గొడవేమీ జరగలేదు. అదే ఇప్పుడు ఆమెకి ఒళ్ళు మండించే సంగతి.

కూతురు చదువుకని హాస్టలుకి వెళ్ళిపోయింది. పగలంతా ఇంట్లో వదిన ఒక్కతే. ‘అక్కకి పొద్దుపోవడానికి’ అంటూ అతను ఒక సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చాడు. రెండు చెప్పుల డబ్బాలు పక్కపక్కన పెడితే ఎంతో, అంత. ‘పెద్దదైతే చాకిరీ ఎక్కువని చిన్నదే తీసుకున్నా’ అన్నాడు. ఆమె కూడా అబ్బ, బాగుంది అంది. టీవీ పక్కన బల్ల మీద తన కుట్టుమిషను తీసేసి చోటు చేసింది కూడా.

చాకిరీ పడింది మాత్రం ఆమె మీదే. నీళ్ళు మార్చడం, అద్దాలకి పట్టిన నాచు గోకడం, ఫిల్టరు దూది పిండటం. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కుకి ఫ్రేములు సరిచేసి, అద్దాలు తుడిచి ఇంటికొస్తే, ఇక్కడ ఇంకో అద్దం.

వదిన మాత్రం దాని ముందు కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చునేది. చేపలకి పేర్లు పెట్టలేదు, నంబర్లు పెట్టింది. ‘త్రీ నాట్ ఫోర్ ఇవాళ డల్‌గా ఉందేమిటి’ అనేది. ఎవరైనా చూసి ముచ్చటపడేంత బాగుండేది ఆ మాట.

ఈ పీడ ఇవాళ్టితో వదిలించుకోవాలనుకుంది ఆమె. కూతురికి ఫోన్ చేసి, “నేను వచ్చేదాకా అత్తతో మాట్లాడుతూ ఉండు. పెట్టెయ్యకు,” అంది.

“ఏమైందమ్మా?”

“ఏం లేదు. మాట్లాడుతూ ఉండు, అంతే. పాత నంబర్లు అడుగు.”

చేపల షాపు వీధి చివరే. లోపల మోటార్ల బుడబుడలు, కాళ్ళకింద తడినేల. షాపాయన ఒక సంచిలోంచి ఇసుక కొలుస్తూ తలెత్తాడు.

“తొట్టి వెనక్కి తీసుకుంటారా?” అంది ఆమె.

“వాడిన తొట్టి ఎవరు కొంటారమ్మా? ఏమైంది, పోయాయా?”

“అన్నీ.”

“చిన్న తొట్టి కదూ? అందరూ ఇలాగే వస్తారు. చిన్నది కదా, తేలిక అనుకుంటారు. మేత నాలుగు గింజలు ఎక్కువైనా అందులో నీళ్ళు పూటలో పాడైపోతాయి. పెద్ద తొట్టయితే ఒకటీ అరా తప్పు చేసినా కాచుకుంటుంది. చూపించమంటారా? ఇదిగో ఇది...”

“పెద్దది వద్దు.”

“పోనీ ఒకటే చేప వేసుకోండి. దానికి మేత...”

“మేత అక్కర్లేనివి ఏమైనా ఉన్నాయా?”

షాపాయన నవ్వాడు. “మేత అక్కర్లేని చేపలు బొమ్మలేనమ్మా.”

ఆమె నవ్వలేదు. అప్పుడతను కొంచెం సర్దుకున్నాడు. నీటిమొక్కలు చూపించాడు, వేళ్ళు చెక్కముక్కకి కట్టి వదిలేస్తే చాలునన్నాడు. రెండు నత్తలు చూపించాడు, అద్దానికి పట్టే నాచు తిని బతుకుతాయన్నాడు. మరిచిపోయినా బతికేవి, రెండుసార్లు గుర్తొచ్చినా చావనివి. ఆమెకి కావలసింది అదే. పారేద్దామని వెళ్ళిన మనిషి మొక్కల సంచీతో వెనక్కి వచ్చింది. కొన్నది ఎలాగూ కొన్నాం, ఆవిడ చూసుకోవడానికి ఏదో ఒకటి కళ్ళముందు ఉండాలి కదా అనుకుంది.

ఇంటికొచ్చేసరికి వదిన ఫోన్లో గలగలా నవ్వుతోంది. “మీ నాన్నకి చిన్నప్పుడు లిఫ్టంటే భయం, తెలుసా నీకు? మా ఆఫీసుకొస్తే అయిదంతస్తులూ మెట్లెక్కేవాడు!”

*

మధ్యాహ్నం ఇద్దరూ తొట్టి ముందు కూర్చున్నారు. ఆమె రాళ్ళు కడిగి పరిచింది. నిన్న పట్టి ఉంచిన బకెట్టు నీళ్ళు చెంబుతో పోసింది. వదిన దారంతో మొక్కల వేళ్ళని చెక్కముక్కకి చుడుతోంది. ఆవిడ చేతివేళ్ళు ఒకప్పుడు ఎక్స్ఛేంజిలో తీగలు కలిపినంత తేలిగ్గా పనిచేస్తున్నాయి. ముడి గట్టిగా బిగించి, మిగిలిన దారం పంటితో కొరికింది.

“బాగుందమ్మాయ్. తోటలా ఉంది,” అంది. తర్వాత అటూ ఇటూ చూసింది. “చేపలేవి?”

ఆమె చేతిలో చెంబు ఆగింది.

“పొద్దున్న చచ్చిపోయాయి కదా వదినా.”

“చచ్చిపోయాయా!” వదిన కళ్ళలో అప్పుడే నీళ్ళు తిరిగాయి. “ఎలా? నాకెవరూ చెప్పలేదే!”

“మీరూ చూశారు.”

“నేను చూడలేదు. చూస్తే నాకు గుర్తుండదా?”

ఆమె ఇంకో చెంబు నీళ్ళు పోసింది. కాసేపటికి వదిన కళ్ళు తుడుచుకుంది. మొక్క సరిచేసింది. నత్తలు అద్దం మీద పాకుతుంటే వంగి చూసింది. ఏదో పాత పాట కూనిరాగం తీసింది.

“చేపలు ఎప్పుడు వేస్తావు ఇందులో? బకెట్లో పెట్టావా వాటిని?”

మళ్ళీ చెప్పక తప్పలేదు. మళ్ళీ అదే ఉలికిపాటు, అవే కన్నీళ్ళు. ఈసారి వాటి వెనకే పొద్దుటి మాట కూడా వచ్చింది. పోయిన చేపలు గుర్తులేవు గానీ, తమ్ముడు చెప్పిన మాట ఎలాగో ఉండిపోయింది.

“కుళాయి నీళ్ళు పోసేసి ఉంటావు. అవును, నువ్వే పోశావు. వాడు చెప్పాడు. నీకు చేతకాకపోతే నాకు చెప్పొచ్చుగా? నీకు దాని మీద మొదట్నుంచీ కంటగింపే. నా కళ్ళముందు ఏదీ ఉండకూడదు నీకు. నువ్వే చంపావు!”

“నేను చంపలేదు వదినా.”

“మరెవరు?”

ఊరుకుందామనుకుంది. పొద్దున్న ఊరుకుంది. ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఆర్పకుండా వదిలేసిన పొయ్యి ముందు, కట్టకుండా వదిలేసిన కుళాయి దగ్గర, రెండుసార్లు ఉప్పు పడ్డ కూర ముందు, అన్నిచోట్లా ఊరుకుంటూనే వచ్చింది. ఇక నోరు ఆగలేదు.

లేచి వెళ్ళి వంటింటి గట్టు మీద కాగితంలో చుట్టిపెట్టిన మాత్రలు తెచ్చి వదిన ఒళ్ళో పెట్టింది.

“ఇవి ఆ తొట్టిలో దొరికాయి.”

వదిన ఒక మాత్ర తీసి వెలుగుకి పట్టి చూసింది. మధ్యగీత వేలితో తడిమింది.

“ఇవి నావే.”

“అవును.”

“మరి నేను మింగిందేమిటి?”

ఆమె చూపు ఆకుపచ్చ మూతల డబ్బా మీదికి పోయింది. వదిన చూపు కూడా దాని వెంటే వెళ్ళింది.

ఫిల్టరు మోటారు ఒక్కటే మాట్లాడుతోంది.

“నీచు వాసనొస్తోందని చెప్పానుగా,” అంది వదిన చివరికి. సన్నగా నవ్వింది. “నేను చెప్పింది నిజమేనన్నమాట. మీరిద్దరూ నవ్వారు.”

“వదినా...”

“చెప్పనీ. నాకు తెలుసమ్మాయ్. ఇంత ఘోరంగా ఉందని తెలీదు గానీ, తెలుసు. వంటింట్లోకి వెళతాను. ఎందుకెళ్ళానో తెలీదు. అక్కడే నిలబడితే నువ్వు చూస్తావని గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చేస్తాను. దాహం ఉండదు. అయినా తాగుతాను. రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతున్నానో నాకే తెలీదు. ఇది కూడా అలవాటైపోయింది నాకు, ఏమీ కానట్టు ఉండటం.”

ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. అవతలి మనిషికి లైను కలపడం కుదరదని చెప్పే పాత ఆపరేటరు గొంతే అది.

ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో అలా పట్టుకున్న గుర్తు లేదు.

“డాక్టరుకి చూపిద్దాం వదినా. ఇప్పుడైతే మందులుంటాయేమో.”

“చూపిద్దాం. ముందు వాడికి చెప్పాలి. నువ్వు చెప్పకు. నువ్వు చెబితే పెళ్ళాం చాడీలు చెబుతోందనుకుంటాడు. నా నోటితో నేనే చెబుతాను, సాయంత్రం రానీ.” కొంచెం ఆగి అంది, “రేపు నీకేదో కొత్త దుకాణం అన్నావే. వెళ్ళు. మానకు. ఈ ఇంట్లో ఒకరి కోసం ఒకరు మానింది చాలు.”

“ఎవరు మానారు?”

“నేనే,” అంది వదిన. “నా పెళ్ళి నేనే మానేశానుగా వాడి కోసం. అది వాడికి మోయలేని బరువైంది. ఇంకొకరిది కూడా ఎందుకు?”

ఆమెకి గుండె మీద రాయి తీసినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది, ఒక మనిషి మతి పోతోందని ఒప్పుకుంటే తనకి హాయిగా ఉండటమేమిటని. అయినా హాయిగానే ఉంది.

*

పొద్దు వాలేముందు అతను వచ్చాడు. చొక్కా మీద గ్రీజు మరకలు, మొహంలో ఏదో ఉత్సాహం. చేతిలో నీళ్ళు నింపి రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ కవరు. అందులో నారింజరంగు చేపలు గిలగిల్లాడుతున్నాయి.

“అక్కా, ఇటు చూడు!”

“చేపలు!” వదిన చప్పట్లు కొట్టినంత పనిచేసింది. “ఎంత బాగున్నాయిరా!”

“అయ్యో, ఆగండి,” అంది ఆమె. “దాన్ని ఇప్పుడే సర్దాం. మొక్కలూ నత్తలూ చాలు. చేపలొద్దనే కదా...”

“ఎవరు వద్దన్నారు? నువ్వా?” అతను అప్పటికే రబ్బరు బ్యాండు తెంపేశాడు. కవరు వంచాడు. చేపలు జారి మొక్కల మధ్యకి పోయాయి. “మా అక్క నత్తల్ని చూస్తూ కూర్చోవాలా? ఇంకా నయం, వానపాముల్ని తెచ్చావు కాదు.”

వదిన నవ్వింది. ఆ నవ్వు చూసి అతనూ నవ్వాడు. చాలా కాలం తర్వాత ఇంట్లో నవ్వు వినబడింది. అందులో ఆమెకి చోటు లేదు.

కుర్చీలో కూర్చుని, చెప్పులు విప్పుతూ అతను అన్నాడు, “మీ ఓనరుకి ఫోన్ చేశాను.”

“ఏమని?”

“నువ్వు చెప్పవని తెలుసు. అందుకే నేనే చెప్పాను. ఇంట్లో ఇబ్బంది, కొత్త బ్రాంచి కుదరదు అన్నాను. పాతచోటే సగంపూట చేసుకుంటుందన్నాను. మంచాయనే, ఏమీ అనుకోలేదు.”

ఆమె కాసేపు అతని చెప్పులవైపే చూసింది.

“నా ఉద్యోగం మీరు మానిపించారా?”

“మానిపించలేదు. సర్దుబాటు చేశాను.”

“నన్ను ఒక్కమాట అడగకుండా?”

“అడిగితే ఒప్పుకునేదానివా?”

“వదినా,” ఆమె అటు తిరిగింది. “మధ్యాహ్నం నాతో అన్న మాట ఆయనకి చెప్పండి.”

వదిన తొట్టిలోంచి చూపు తిప్పింది. “ఏ మాట?”

“మాత్రల సంగతి. మీరే చెబుతానన్నారు కదా, నన్ను చెప్పొద్దని.”

“ఏ మాత్రలమ్మాయ్?”

“తొట్టిలో దొరికినవి. మీ ఒళ్ళో పెట్టాను. నీళ్ళు తాగి వచ్చేస్తానని చెప్పారు. రేపు నన్ను వెళ్ళమన్నారు!”

వదిన తమ్ముణ్ణి చూసింది. మరదలిని చూసింది. మళ్ళీ తమ్ముణ్ణి చూసింది.

“మధ్యాహ్నం నేను పడుకున్నానురా,” అంది. “ఏమంటోందో నాకు తెలీటం లేదు. కుళాయి నీళ్ళు పోసి చంపింది కాక, ఇదొకటి కల్పిస్తోందా?”

ప్రతి మాటా శుభ్రంగా, కడిగిపెట్టినట్టు వచ్చింది. ఆమె ఆ మొహంలోకి వెతికింది. రోజూ ఎందరి కళ్ళలోకో దగ్గరగా చూసి కొలతలు తీసుకునే మనిషి. ఈ కళ్ళలో ఉన్నది మరుపో, భయమో మాత్రం తేల్చుకోలేకపోయింది. నిజంగా మరిచిపోయిందా? తమ్ముడి ఎదుట మాట పెగలక ఏమీ కానట్టు ఉండిపోతోందా? రెండింటిలో ఏది నిజమైనా, ఇక ఆవిడ నోట ఆ మాట రాదు.

“విన్నావుగా,” అన్నాడతను. గొంతులో గెలుపు లేదు, అలసట ఉంది. “ఇక వదిలెయ్.”

ఆమె తన ఫోను తీసింది. అక్కడే, వాళ్ళిద్దరి ముందే నిలబడి ఓనరుకి చేసింది.

“నేనేనండీ. మా ఆయన చెప్పింది ఆయన మాట. నా మాట నేను చెబుతున్నాను. రేపు వస్తాను.”

అవతల ఓనరు ఇబ్బందిగా గొణిగాడు. వేరే అమ్మాయిని అడిగేశానన్నాడు. ఆ అమ్మాయి ఇంకా తేల్చలేదన్నాడు. చివరికి, “పొద్దున్న షట్టరు తీసేవేళకి నువ్వుంటే తాళాలు నీకే. లేకపోతే ఆ అమ్మాయికి. మళ్ళీ మీ ఇంట్లోవాళ్ళతో ఫోన్లు చేయించొద్దమ్మా,” అన్నాడు.

“ఉంటాను,” అని ఫోను పెట్టేసింది.

అతను లేచి నిలబడ్డాడు. “ఉంటావా? అయితే రేపు అక్క దగ్గర ఎవరుంటారు?”

“ఎందుకుండాలి?”

“ఎందుకేమిటి...”

“అక్కకేం లేదని మీరే అన్నారుగా. ఏమీ లేని మనిషి ఇంట్లో ఒక్కతే ఉంటుంది. లేదూ, ఉండలేదంటారా? ఎందుకుండలేదో ఆ మాట చెప్పండి. మీ నోటితో చెప్పండి. చెబితే రేపు నేను ఆగుతాను. డాక్టరు దగ్గరికి ముగ్గురం కలిసి వెళదాం.”

అతను నోరు తెరిచాడు. అక్క అక్కడే ఉంది, రెండడుగుల దూరంలో. అతని నోరు మళ్ళీ మూతపడింది.

వదిన మేత డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆకుపచ్చ మూతల గళ్ళు ఖాళీగా ఉన్నాయని పక్కన పెట్టి, అల్మరాలోంచి పెద్ద పొట్లం తీసింది. చిటికెడు తీసి నీళ్ళలో చల్లింది. చేపలు పైకొచ్చి పోటీపడి తిన్నాయి. ఆవిడ మురిసిపోతూ చూసింది. తువ్వాలుకి చెయ్యి తుడుచుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. అతను కూర్చోలేదు.

“పాపం, ఆకలిగా ఉన్నట్టున్నాయిరా,” అంది వదిన. “ఎప్పుడొచ్చాయో ఏమో. ఎవరైనా మేత వేశారా వీటికి?”

లేచి పొట్లం అందుకుంది. ఇంకో చిటికెడు చల్లింది. ఈసారి చేపలు నెమ్మదిగా వచ్చాయి. కొన్ని గింజలు తినకుండానే మొక్కల మధ్యకి దిగిపోయాయి.

ఆమె తొట్టిని చూడలేదు. భర్తనే చూస్తోంది.

అతని చెయ్యి ముందుకు లేచింది. సగంలో ఆగింది. పట్టుకుని ఆపితే ఆ మాట చెప్పినట్టే. మెల్లగా చెయ్యి దించేశాడు.

వదిన కూర్చుంది. కాసేపు చేపలనే చూసింది. వాటిలో ఒకదానికి ఏదో నంబరు పెట్టి పిలిచింది. తర్వాత తమ్ముడివైపు తిరిగి, ఎంతో ఆపేక్షగా అడిగింది, “ఇవాళ మేత వేశామా నాన్నా?”

మరదలి చూపు అతని మొహం మీంచి తప్పుకోలేదు.

“లేదక్కా,” అన్నాడతను. “వెయ్యి.”